ముందు క్లిప్పు, తర్వాత మూత: ఫార్మా ప్లాంటులో కొత్తవారికి

నమస్కారం. ప్రొడక్షన్ బ్లాకులో కొత్తగా చేరారు కదా, ఈ రోజు ఒకే పని చూద్దాం. సాల్వెంట్ చార్జింగ్, అంటే టోలుయిన్ అనే మండే ద్రావకాన్ని డ్రమ్ము నుంచి రియాక్టరులోకి పంపడం.

హెల్మెట్, కళ్లద్దాలు, గ్లవుజులు, యాంటీస్టాటిక్ బూట్లు వేసుకోండి. ఫోను లాకరులో పెట్టండి. బ్యాచ్ షీటులో పేరు, డ్రమ్ము మీద లేబులు ఒకటేనా? సరే, పదండి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి, ఇది ఎర్తింగ్ క్లిప్పు, డ్రమ్ములో చేరే స్టాటిక్ చార్జిని, అంటే నిలిచిపోయే విద్యుత్తును, భూమిలోకి పంపేది. చాలామంది దీన్ని ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తారు. ఇదిగో, ఇలా. తగిలింది అనిపిస్తుంది కదా? తగలలేదు. కింద పెయింటు ఉంది, అది చార్జిని పోనివ్వదు. క్లిప్పు పళ్లు పెయింటును చీల్చుకుని లోపలి ఇనుమును పట్టాలి. డ్రమ్ము అంచు మీద పెట్టి అటూ ఇటూ ఒకసారి కదపండి. గీత పడి లోహం మెరిసింది, చూశారా? గోడ మీద పచ్చ లైటు కూడా వెలిగింది. ఇప్పుడు తగిలింది. నాకైతే స్ప్రింగు క్లిప్పు కంటే మొన ఉన్న స్క్రూతో బిగించే క్లాంపు మీదే నమ్మకం. స్టోర్సులో ఉంటే అదే అడగండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, టోలుయిన్ పైపులో పారుతున్నప్పుడే స్టాటిక్ చార్జి పుడుతుంది. ఎర్తింగ్ లేకపోతే అది డ్రమ్ములో పేరుకుంటుంది. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి అంటుకోగలిగే కనిష్ఠ ఉష్ణోగ్రత, సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంటే మన దగ్గర చలికాలంలో కూడా మూత తీస్తే అంటుకునే ఆవిరి సిద్ధంగా ఉంటుంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో సాల్వెంట్ ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. అక్కడ మొదలైంది లీకుతో. కానీ ఆవిరికి నిప్పురవ్వ ఎక్కడి నుంచి వచ్చినా ఒకటే.

అందుకే వరుస ముఖ్యం. ముందు క్లిప్పు, తర్వాత మూత. మళ్లీ చెబుతున్నాను, ముందు క్లిప్పు, తర్వాత మూత. క్లిప్పు తగిలించే క్షణంలోనే చిన్న రవ్వ రావచ్చు, అప్పటికి ఆవిరి బయట ఉండకూడదు. పని అయ్యాక దీనికి తిరగేసి, ముందు మూత బిగించి, ఆ తర్వాతే క్లిప్పు తీయాలి.

మిగతాది తేలిక. పంపుకు కూడా ఎర్తింగ్, రియాక్టరులో ఆవిరి అంటుకోకుండా నైట్రోజన్, ఇదిగో వాల్వు, కొద్దిగా తిప్పండి. లోపల పైపు కొన ద్రవంలో మునిగేదాకా నెమ్మదిగానే పోనివ్వండి. పై నుంచి చిమ్మినట్టు పడితే చార్జి ఇంకా పెరుగుతుంది.

క్లిప్పు పళ్లు అరిగిపోయినా, పచ్చ లైటు వెలగకపోయినా పంపు వేయకండి. బ్యాచ్ ఆలస్యమవుతోందని ఎవరు తొందరపెట్టినా సరే, షిఫ్ట్ ఇన్‌చార్జిని పిలవండి. ఖాళీ డ్రమ్ములో కూడా ఆవిరి మిగిలే ఉంటుంది, దాని సంగతి వచ్చే వీడియోలో చూద్దాం.