విన్నది విన్నట్టు రాయడం

అందరికీ నమస్కారం.

కర్ణాటక సంగీతం రికార్డింగు విని నొటేషన్, అంటే స్వరాలు, రాయడానికి కూర్చోగానే మొదటి స్వరం ఏమిటా అని వెతుకుతాం. దానికంటే ముందు తేల్చుకోవలసింది శ్రుతి, అంటే పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తులో ఉందన్నది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులన్నీ (78 ఆర్‌పిఎం) కచ్చితంగా ఆ వేగంతో రికార్డు చేసినవి కావు. తిరిగే వేగం సుమారు 6 శాతం పెరిగితే పాటంతా ఒక అరస్వరం పైకి జరుగుతుంది, లయ కూడా ఆ మేరకు పరుగెడుతుంది. గొంతు మరీ సన్నగా, ముక్కుతో పాడినట్టు వినిపిస్తే నాకు ముందు వేగం మీదే అనుమానం వస్తుంది.

శ్రుతి కుదిరాక తాళం. చేత్తో వేసుకుంటూ ఆవర్తనాలకు, అంటే తాళం ఒక్కో పూర్తి చుట్టుకు, ఖాళీ గళ్లు గీసి పెట్టుకోండి, చాలు.

అసలు కష్టం గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడే చోట. తోడి రాగంలో గాంధారాన్నే తీసుకోండి. కాగితం మీద 'గ' అని ఒక్క అక్షరం. సగం వేగంలో పెట్టి వింటే అది రిషభం (రి) దగ్గర బయల్దేరి, మధ్యమం (మ) దాకా ఊగి, మళ్లీ కిందికి దిగుతుంది. గాంధారం మీద నిలబడదు. మరి 'గ' అని రాయాలా, 'రిమరిమ' అని రాయాలా? ఎలా పాడాలో చెప్పే రాత వేరు, ఎలా పాడారో చెప్పే రాత వేరు అని అమెరికన్ సంగీత పరిశోధకుడు చార్లెస్ సీగర్ 1958లో వివరించారు. కర్ణాటక సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో అచ్చువేసిన తెలుగు గ్రంథంలో స్వరాలకు గమకాల గుర్తులు తోడు చేశారు. నేను ఆ దారే పడతాను: స్వరం రాసి, ఊపు ఎటు వెళ్లిందో పైన గుర్తు పెడతాను. నేర్చుకునేవాళ్లకు స్వరమూ కావాలి, ఊపూ కావాలి.

ఒకసారి నాకు బాగా వచ్చిన కీర్తనే రాస్తూ ఒక సంగతిని (అదే పంక్తిని కాస్త మార్చి పాడే తీరును) 'పమగరి' అని ధీమాగా రాసేశాను. నెలల తర్వాత స్లో చేసి వింటే అక్కడ మధ్యమమే లేదు, పంచమం నుంచి నేరుగా గాంధారానికి జారడమే. నాకు నేర్పిన పాఠాన్ని రాశాను, రికార్డులో ఉన్నదాన్ని కాదు. చాలా బాధపడ్డాను. తెలిసిన పాట చెవిని ఎంత మోసం చేస్తుందో ఆ రోజు అర్థమైంది.

హంగేరియన్ స్వరకర్త బేలా బార్తోక్ అంతటివారే 1934 నుంచి కొన్నేళ్లపాటు హంగేరియన్ సైన్స్ అకాడమీలో కూర్చుని, జానపద పాటలు రికార్డు చేసిన మైనపు సిలిండర్లను మళ్లీ విని, పాత నొటేషన్లను సవరించారు. మనకు ఇప్పుడు శ్రుతి మారకుండా వేగం తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉంది. వాడండి. కానీ ముందు మామూలు వేగంలో పదిసార్లు వినండి, ఆ పంక్తిని గొంతుతో పాడి చూడండి. గొంతు తడబడిన చోటే చెవి సరిగా వినలేదని నా అనుభవం.

తేలని చోట ఊహించి నింపకండి. పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టి, పక్కన నిమిషం, సెకను రాయండి. మీ తర్వాత వినేవాళ్లు నేరుగా అక్కడికే వెళ్లి వింటారు.