జెండర్ స్టడీస్ ఉద్యోగాల నోటిఫికేషన్ ఎలా చదవాలి

"ఇంటర్‌డిసిప్లినరీ అని రాశారు కదక్కా, అంటే ఏ సబ్జెక్ట్ చదివినవాళ్లయినా అప్లై చేయొచ్చు కదా?"

యూనివర్సిటీల్లో జెండర్ స్టడీస్ లాంటి ఇంటర్‌డిసిప్లినరీ పోస్టులకు, అంటే రెండు మూడు సబ్జెక్టులు కలిసే పోస్టులకు, నోటిఫికేషన్లు పడ్డాయంటే చాలు, నాకొచ్చే మెసేజుల్లో సగం ఇదే ప్రశ్న. మిగతా సగం దీనికి పూర్తిగా రివర్స్: జెండర్ స్టడీస్‌లోనో కల్చరల్ స్టడీస్‌లోనో పీహెచ్‌డీ చేస్తే అసలు ఉద్యోగాలే లేవట కదా అని. రెండూ తప్పే. పోస్టు పేరు చదివి అక్కడితో ఆగిపోతే ఈ రెండు అపోహలూ వస్తాయి. అప్లికేషన్ ఫీజులు కట్టి కట్టి విసిగిపోయిన పిల్లల్ని చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది, అందుకే ఈ వీడియో.

బెంగళూరులో అద్దెకు ఇల్లు వెతికిన ప్రతి ఒక్కరికీ టు-లెట్ బోర్డు సంగతి తెలుసు. గేటుకి బోర్డు ఉంటుంది, టూ బీహెచ్‌కే అని, కింద ఫోన్ నంబర్. బెల్ కొట్టి లోపలికి వెళ్లాక మొదలవుతాయి ప్రశ్నలు: ఫ్యామిలీనా బ్యాచిలర్సా, ఏ ఊరు, ఎక్కడ పని, నాన్‌వెజ్ వండుతారా. బోర్డు అబద్ధం చెప్పలేదు, ఇల్లు నిజంగానే ఖాళీగా ఉంది. ఎవరికి ఇస్తారన్నది మాత్రం బోర్డు మీద ఉండదు. నోటిఫికేషన్‌లో "అసిస్టెంట్ ప్రొఫెసర్, జెండర్ స్టడీస్" అన్న లైను ఆ బోర్డు లాంటిది. ఓనరు షరతులు వేరే పేరాలో, ఒక్కోసారి వేరే పీడీఎఫ్‌లోనే ఉంటాయి.

(స్క్రీన్ మీద అర్హతల పేరా)

ఆ షరతులకు మూలం యూజీసీ, అంటే యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, 2018లో ఇచ్చిన రెగ్యులేషన్స్. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 55 శాతం మార్కులతో మాస్టర్స్ ఉండాలి, అది కూడా కన్సర్న్డ్, రిలవెంట్ లేదా అలైడ్ సబ్జెక్ట్‌లో, అంటే అదే సబ్జెక్ట్‌లో లేదా దానికి దగ్గరి సబ్జెక్ట్‌లో ఉండాలి. దాని మీద నెట్ (లెక్చరర్ అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష) గానీ, సెట్ (అలాంటిదే రాష్ట్ర స్థాయిలో) గానీ, లేదా నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ గానీ. అందరూ ఈ రెండో సగమే చదువుతారు. ఇంటర్‌డిసిప్లినరీ పోస్టుల్లో జనం తిరస్కరణకు గురయ్యేది మొదటి సగంలో, ఆ అలైడ్ అన్న చోట. ఏ సబ్జెక్టులు అలైడ్ కిందకి వస్తాయో అన్ని యూనివర్సిటీలకూ కలిపి ఒక లిస్టు లేదు, నోటిఫికేషన్ ఇచ్చేవాళ్లే రాసుకుంటారు. ఒకచోట సోషియాలజీ, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, ఇంగ్లీష్ అన్నీ ఉంటాయి. ఇంకోచోట సోషియాలజీ, సోషల్ వర్క్ మాత్రమే. కొన్నిచోట్ల అసలు ఏమీ రాయరు, స్క్రీనింగ్ కమిటీ కూర్చున్నప్పుడు తేలుస్తారు. నన్నడిగితే ఇది చాలా అన్యాయం, ఫీజు కట్టించుకునే ముందే చెప్పాలి.

హిందూపురం అమ్మాయి ఒకామె ఉంది, నాకు బాగా తెలుసు. ఎంఏ తెలుగు, నెట్ కూడా తెలుగులోనే, ఆ తర్వాత విమెన్స్ స్టడీస్‌లో పీహెచ్‌డీ. ధర్మవరం మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టే ఆడవాళ్ల పని గురించి, ఆ పనికి ఇంట్లో లెక్క ఎందుకు లేదన్న దాని గురించి రాసింది. నేను చదివాను, నిజంగా గొప్ప పని. జెండర్ స్టడీస్ పోస్టుకి అప్లై చేసింది. స్క్రీనింగ్ లిస్టులో తన పేరు ఎదురుగా రిమార్క్స్ కాలమ్‌లో ఒకటే ముక్క: మాస్టర్స్ రిలవెంట్ సబ్జెక్ట్ కాదు. పీహెచ్‌డీ కాలమ్‌లో విమెన్స్ స్టడీస్ అని వాళ్లే నింపారు, పక్కనే ఇది రాశారు. అంటే బోర్డు చూసి వెళ్లింది, ఓనరు ఇంటిపేరు అడిగి పంపించేశాడు.

ఇప్పుడు చాలామంది అంటారు, 2025 జనవరిలో యూజీసీ కొత్త డ్రాఫ్ట్ విడుదల చేసింది కదా, అందులో డిగ్రీ, పీజీ వేరే సబ్జెక్టుల్లో ఉన్నా నెట్ రాసిన సబ్జెక్ట్‌లోనో పీహెచ్‌డీ సబ్జెక్ట్‌లోనో పోస్టుకి అప్లై చేయొచ్చన్నారు కదా అని. అన్నారు. ఆ అమ్మాయి లాంటివాళ్లకు అది నిజంగా మేలు చేసే ప్రతిపాదన. కానీ డ్రాఫ్ట్ చూపించి సీటు అడగలేం. మీ చేతిలో ఉన్న నోటిఫికేషన్‌లో ఏ రెగ్యులేషన్ పేరు రాసి ఉందో దానికే మీ అర్హత కొలుస్తారు. ముందు ఆ లైను వెతకండి.

నెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విమెన్ స్టడీస్ అని నెట్‌లో ఒక సబ్జెక్ట్ ఉంది, కోడ్ 74. కల్చరల్ స్టడీస్ పేరుతో పేపర్ లేదు. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) లాంటి చోట కల్చరల్ స్టడీస్ చదివినవాళ్లు దగ్గరి సబ్జెక్ట్ ఏదో ఒకటి ఎంచుకుని రాయాలి: ఇంగ్లీష్, కంపారటివ్ లిటరేచర్, మాస్ కమ్యూనికేషన్, ఇలా. చాలామంది ఏది సులువో చూసి రాస్తారు. అలా చేయకండి. రేపు ఏ డిపార్ట్‌మెంట్ తలుపు కొడతారో ఆ సబ్జెక్ట్ రాయండి, ఎందుకంటే జెండర్ స్టడీస్ బోర్డులు తక్కువ, ఇంగ్లీష్, సోషియాలజీ బోర్డులు ఎక్కువ.

మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా పడే పొరపాటు ఇంకోటి. ఏపీసెట్ పాసయ్యాం, తెలంగాణ సెట్ పాసయ్యాం, బెంగళూరులో అప్లై చేస్తాం అంటారు. కుదరదు. 2002 జూన్ నుంచి జరిగిన సెట్‌లు ఏ రాష్ట్రంలో పాసైతే ఆ రాష్ట్రంలోనే చెల్లుతాయి. ఇక్కడ కావాలంటే కర్ణాటక సెట్ రాయాలి, లేదా నెట్.

సరే, పోస్టులు తక్కువ అన్నాను కదా, ఎందుకు తక్కువో చూద్దాం, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

మన దేశంలో ఈ సబ్జెక్ట్, మొదట్లో విమెన్స్ స్టడీస్ అనేవాళ్లు, మామూలు డిపార్ట్‌మెంట్ లాగా పుట్టలేదు. 1974లో దేశంలో స్త్రీల స్థితి మీద వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది, ఆడపిల్లల సంఖ్య, ఆడవాళ్ల పని, ప్రాతినిధ్యం ఎంత దిగజారాయో అందులో ఉంది. అదే ఏడాది ముంబైలో ఎస్ఎన్‌డీటీ మహిళా యూనివర్సిటీలో తొలి విమెన్స్ స్టడీస్ పరిశోధనా కేంద్రం మొదలైంది. 1981లో అక్కడే మొదటి జాతీయ సదస్సు. హైదరాబాద్‌లో అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం 1985లో వచ్చింది. 1980ల మధ్య నుంచి యూజీసీ యూనివర్సిటీల్లో విమెన్స్ స్టడీస్ సెంటర్లు పెట్టించడం మొదలుపెట్టింది, పంచవర్ష ప్రణాళిక డబ్బులతో. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ 1983లో వచ్చింది, విమెన్స్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ అక్కడా ఉంది. మన బెంగళూరులోనే 1990ల చివర్లో సెంటర్ ఫర్ ది స్టడీ ఆఫ్ కల్చర్ అండ్ సొసైటీ అని ఒక సంస్థ కల్చరల్ స్టడీస్‌లో పీహెచ్‌డీలు చేయించేది, ఇప్పుడది లేదు, కానీ అక్కడ చదివినవాళ్లు దేశమంతా పాఠాలు చెబుతున్నారు.

ఇప్పుడు మళ్లీ మన ఇంటి దగ్గరికి రండి. పాత డిపార్ట్‌మెంట్లు కింద ఫ్లోర్లు. వాటికి సొంత కరెంట్ మీటర్ ఉంది, అదే శాంక్షన్డ్ పోస్ట్, అంటే ప్రభుత్వం మంజూరు చేసిన పోస్టు. ఈ సెంటర్లు టెర్రస్ మీద తర్వాత వేసిన గదులు. చాలావాటికి సొంత మీటర్ లేదు, కింది నుంచి సబ్-మీటర్ లాగారు. స్కీమ్ డబ్బు వచ్చినన్నాళ్లు లైట్ వెలుగుతుంది. 2017 మార్చితో 12వ పంచవర్ష ప్రణాళిక ముగిసింది, ప్రణాళికలే ఆగిపోయాయి, అప్పుడు చాలా సెంటర్లలో జీతాలు వస్తాయో రావో తెలియని పరిస్థితి వచ్చింది. ట్రస్టు డబ్బు మీద నడిచినా ఇదే కథ. 2024 జూన్ చివర్లో టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) టాటా ఎడ్యుకేషన్ ట్రస్ట్ నిధులతో పనిచేస్తున్న వంద మందికి పైగా సిబ్బందికి తొలగింపు నోటీసులు ఇచ్చి, గొడవయ్యాక రెండ్రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. నోటీసులు వెనక్కి తీసుకున్నా, ఆ రెండ్రోజులు ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి. కాబట్టి నోటిఫికేషన్‌లో అర్హత తర్వాత చూడాల్సింది మీటర్: రెగ్యులరా, కాంట్రాక్టా, ప్రాజెక్ట్ మోడ్‌లోనా, కో-టెర్మినస్ అని రాశారా. కో-టెర్మినస్ అంటే స్కీమ్ ఆగితే మీ ఉద్యోగం కూడా ఆగుతుందని.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అన్నింటికంటే ఇదే ముఖ్యం. రిజర్వేషన్ రోస్టర్, అంటే ఎన్నో పోస్టు ఏ కేటగిరీకి పోవాలో చెప్పే వరుస. 2017లో అలహాబాద్ హైకోర్టు టీచింగ్ పోస్టుల రిజర్వేషన్‌కి యూనివర్సిటీ మొత్తాన్ని కాకుండా ఒక్కో డిపార్ట్‌మెంట్‌ని యూనిట్‌గా లెక్కపెట్టాలంది. 2018లో యూజీసీ అలాగే చేయమని ఆర్డర్ ఇచ్చింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. దాంతో జరిగేదేంటంటే, 13 పాయింట్ల రోస్టర్‌లో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి వస్తుంది, ఎస్టీ వంతు పద్నాలుగో నియామకం దాకా రాదు. మరి విమెన్స్ స్టడీస్ సెంటర్‌లో పోస్టులెన్ని? రెండు, మూడు. నాలుగో పోస్టే లేని చోట ఓబీసీ వంతు ఎప్పుడొస్తుంది, ఏడో పోస్టు కలలో కూడా లేని చోట ఎస్సీ వంతు ఎప్పుడొస్తుంది? ఫ్లోర్‌కి ఇన్ని ఇళ్లు అని లెక్కపెట్టకుండా బిల్డింగ్ మొత్తానికి లెక్కపెడితేనే టెర్రస్ గదికీ ఆ లెక్క వర్తిస్తుంది. దేశమంతా నిరసనలు జరిగాయి, 2019 మార్చిలో ఆర్డినెన్స్, జూలైలో చట్టం వచ్చాయి, కేంద్ర విద్యాసంస్థల్లో మళ్లీ యూనివర్సిటీయే యూనిట్ అయింది. కులం గురించి, ఆడవాళ్ల గురించి పాఠం చెప్పే గదిలో దళిత, బహుజన, ఆదివాసీ టీచర్లు లేకపోతే ఆ పాఠం సగమే. ఈ చట్టం రాకపోయి ఉంటే ఈ సబ్జెక్ట్‌కే ఎక్కువ నష్టం జరిగేది, ఎందుకంటే ఇవి చాలా చిన్న డిపార్ట్‌మెంట్లు. నోటిఫికేషన్‌లో పోస్టు పక్కన కేటగిరీ కాలమ్ ఉంటుంది, అది చూడకుండా అప్లై చేయకండి.

టైమ్ అయిపోతోంది, స్కోర్ గురించి గబగబా చెప్పేస్తాను. యూనివర్సిటీల్లో షార్ట్‌లిస్టింగ్‌కి 2018 రెగ్యులేషన్స్‌లో టేబుల్ 3ఏ ఉంది, వందకి. డిగ్రీకి 15 వరకు, పీజీకి 25 వరకు, పీహెచ్‌డీకి 30, జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తో నెట్‌కి 7, ఉత్త నెట్‌కి 5, జర్నల్ పేపర్‌కి 2 చొప్పున 10 దాకా, టీచింగ్ ఏడాదికి 2 చొప్పున 10 దాకా, అవార్డులకు 3 వరకు. మన సబ్జెక్ట్‌వాళ్లు పుస్తకాల్లో చాప్టర్లు, పత్రికల్లో వ్యాసాలు బాగా రాస్తారు, సమాజానికి పనికొచ్చేవి కూడా అవే, కానీ ఆ టేబుల్‌లో వాటికి గడి లేదు. పీర్-రివ్యూడ్ జర్నల్ పేపరే కావాలి. ఈ స్కోర్ మిమ్మల్ని ఇంటర్వ్యూ దాకా తీసుకెళుతుంది, ఆ తర్వాత ఇంటర్వ్యూదే తుది మాట.

బెంగళూరు సంగతి. ఇక్కడ "జెండర్" అని వెతికితే మీకు దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాగరభావిలో నేషనల్ లా స్కూల్, సర్జాపుర వైపు బురుగుంటె దగ్గర అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, 2022లో యూనివర్సిటీ అయిన సెయింట్ జోసెఫ్స్, క్రైస్ట్, ఇలాంటి చోట్ల నోటిఫికేషన్లను సోషియాలజీ, ఇంగ్లీష్, హిస్టరీ, మీడియా, డెవలప్‌మెంట్, పబ్లిక్ పాలసీ పేర్లతో కూడా వెతకండి. లా స్కూల్ అంటే లా చదివినవాళ్లకే అనుకుంటారు, ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీలో హిస్టరీ, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ చెప్పేవాళ్లు కావాలి కదా. చెన్నైలో అయితే ఐఐటీ మద్రాస్ హ్యుమానిటీస్ డిపార్ట్‌మెంట్ ఉంది. ప్రైవేట్ వాటిలో డెమో క్లాసో టాకో అడిగే అవకాశం ఎక్కువ. అందులో మీ థీసిస్ మొత్తం చెప్పకండి, ఫస్టియర్ డిగ్రీ పిల్లలకు ఒక గంట క్లాసు చెప్పండి. హిందూపురం అమ్మాయి ఇప్పుడు అదే చేస్తోంది, కండెలు చుట్టే పనిని తీసుకుని శ్రమ, కూలీ, ఇల్లు అన్న మూడింటినీ సోషియాలజీ పిల్లలకు చెప్పేలా క్లాసు తయారుచేసుకుంది, తెలుగు పోస్టులకూ జానపదం వైపు నుంచి వేరే సీవీ పెట్టుకుంది. రెండు సీవీలు ఉంచుకోవడంలో మోసమేమీ లేదు, రెండూ ఆమె చేసిన పనే.

గెస్ట్ ఫ్యాకల్టీ: యూజీసీ 2019లో క్లాసుకి 1,500, నెలకి 50,000 మించకుండా అని చెప్పింది, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది. చాలా కాలేజీలు ఆ 1,500 ఇవ్వవు, కాబట్టి చేరేముందే ఎంతిస్తారో, వేసవి సెలవుల్లో ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌లో తేదీలు, ఏ పోస్టు అన్నది స్పష్టంగా ఉండేలా చూసుకోండి, లేకపోతే టేబుల్‌లో ఆ 2 మార్కులు ఎగిరిపోతాయి.

స్క్రీనింగ్ లిస్టు పెట్టాక అభ్యంతరాలకు కొన్ని రోజులే గడువిస్తారు. రోజూ వెబ్‌సైట్ చూడండి, మెయిల్ వస్తుందని కూర్చోకండి. తిరస్కరిస్తే మీ సబ్జెక్ట్ ఎందుకు అలైడో సిలబస్ కాపీలు జతచేసి రాయండి, ఎంఏలో చదివిన పేపర్ల పేర్లతో సహా.

ఇక చివరిది, ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టేసి పనైపోయిందనుకోకండి, చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు ప్రింటవుట్‌ని సెల్ఫ్ అటెస్టెడ్ కాపీలతో కలిపి రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపమంటాయి, దానికి వేరే ఆఖరి తేదీ ఉంటుంది, ఇప్పటికే ఎక్కడైనా పనిచేస్తుంటే ఎన్ఓసీ (అభ్యంతరం లేదని మీ సంస్థ ఇచ్చే లెటర్) కూడా కావాలి, అది చేతికి రావడానికి టైమ్ పడుతుంది, అందుకే నోటిఫికేషన్ చూసిన రోజే ఎన్ఓసీకి లెటర్ పెట్టేయండి.