కారుకూ ఒక రాత్రి బస

శ్రోతలకు నమస్కారం.

ఎలక్ట్రిక్ కారులో దూరప్రయాణం అంటే చాలామందికి దారిలో ఛార్జింగ్ గురించే టెన్షన్. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది రాత్రి పడుకునే చోటు. మనం నిద్రపోయే ఎనిమిది గంటలూ కారు ఎలాగూ కదలదు. కరెంటు నెమ్మదిగా ఎక్కినా మనకు తొందరేముంది?

అయితే హోటల్‌కి ఫోన్ చేసి "ఛార్జర్ ఉందా?" అని మాత్రం అడక్కండి. నేనలాగే అడిగాను. "ఉందండీ" అన్నారు. తీరా వెళ్లాక రిసెప్షన్‌లో అబ్బాయి సొరుగు లాగి సెల్‌ఫోన్ ఛార్జర్ చేతిలో పెట్టాడు! నవ్వొచ్చింది గానీ, కారులో మిగిలింది పదకొండు శాతం. అందుకే ఇప్పుడు విడమరిచి అడుగుతాను. గోడకు బిగించిన కారు ఛార్జరా, మామూలు ప్లగ్గా? ఎన్ని కిలోవాట్లు? కేబుల్ ఉందా, మేమే తెచ్చుకోవాలా?

కిలోవాట్ల లెక్క తెలిస్తే సగం దిగులు పోతుంది. ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు ఎక్కితే ఒక యూనిట్. గోడ ఛార్జర్ 7.4 కిలోవాట్లదైతే, ఏడు గంటల్లో 50 యూనిట్ల బ్యాటరీ దాదాపు అడుగు నుంచి నిండుతుంది. 230 వోల్టుల మామూలు ప్లగ్ నుంచి 10 ఆంపియర్లు తీసుకుంటే వచ్చేది 2.3 కిలోవాట్లే. పది గంటలకు 23 యూనిట్లు, అందులో కొంత వేడిగా పోతుంది. అయినా వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగే కారుకి మర్నాటి ప్రయాణంలో వంద కిలోమీటర్ల పైమాటే. ఇంకో సంగతి, గోడ మీద 22 కిలోవాట్లని రాసి ఉన్నా, కారు లోపలి ఛార్జర్ ఏడే తీసుకోగలిగితే ఎక్కేది ఏడే.

మామూలు ప్లగ్ వాడేటప్పుడు కాస్త జాగ్రత్త. మిక్సీ రెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది. కారు రాత్రంతా ఆపకుండా లాగుతుంది. సాకెట్ వదులుగా ఉంటే ఆ వదులు దగ్గరే వేడి పుడుతుంది. పెట్టిన అరగంటకి నేనొకసారి కిందికి దిగి ప్లగ్ మీద చెయ్యి వేసి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే ఆపేయడమే, బేరాల్లేవు. పిన్ను కాలిన వాసన వస్తున్నా అంతే. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు, అందులోనూ చుట్టగా చుట్టి ఉన్నది, అసలు వాడకండి. చుట్టలో వేడి బయటికి పోయే దారి ఉండదు. ఎర్త్ సరిగ్గా లేకపోతే చాలా కార్ల కేబుళ్లు ఎర్రలైటు వెలిగించి మొరాయిస్తాయి. దాన్ని తిట్టుకోకండి, అది మన మంచికే.

కరెంటుకి డబ్బులు ఇస్తామని ముందే చెప్పేస్తే మేనేజర్లు మెత్తబడతారు. అడక్కుండా వరండాలో ప్లగ్గు పెట్టేయడం నాకు నచ్చదు.

ఇక ఛార్జర్ ఒక్కటే ఉన్న చోట అర్ధరాత్రి గొడవలొస్తాయి. నా నంబరు చీటీ మీద రాసి అద్దం దగ్గర పెడతాను. ఒకసారి పొద్దున్నే ఐదింటికి ఫోన్ మోగింది. "సార్, మీది నిండినట్టుంది, కాస్త తీస్తారా?" కళ్లు నులుముకుంటూ చెప్పుల్లో దిగాను. అవతలాయన కేబుల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆయన కారులో నాలుగు శాతం.