తక్కువ ధరలో చేతి జీపీఎస్ ఏది కొనాలి? | పులివెందుల పాయింట్ పెడితే ముద్దనూరు చూపించింది

అందరికీ నమస్తే. సౌండ్ వస్తోందా... ఆ, వస్తోంది. ప్రొద్దుటూరులో మా మిద్దె మీద కూర్చున్నాను. వెనక ట్యాంకులో నీళ్ళు పడుతున్నాయి, ఆ చప్పుడు కాస్త వినిపిస్తుంది, ఏమనుకోకండి. కిందే చేద్దామనుకున్నా గానీ ఇవాళ్టి పనికి ఆకాశం కనపడాలి.

చాలామంది అడుగుతున్నారు, అన్నా, కొండల్లో తిరగడానికి తక్కువలో చేతి జీపీఎస్ ఏది తీసుకోవాలి అని. చెప్తా. దానికంటే ముందు, అసలు మీకు అది కావాలా? ఫోన్‌లో ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటి యాప్ వేసుకుని, ఇంట్లో ఉండగానే మ్యాప్ దించి పెట్టుకుంటే, సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది. జీపీఎస్‌కి సిమ్‌తో పనిలేదు, పైనున్న ఉపగ్రహాలు పంపేది వింటుంది, అంతే. ఏడాదికి రెండుసార్లు గండికోట, బెలుం వెళ్ళొచ్చే వాళ్ళకు ఇది చాలు. డబ్బులు మిగుల్చుకోండి.

మరి నేనెందుకు కొన్నాను? మన ఎండ. మే నెలలో ఫోన్ చేతిలో పట్టుకుని నడిస్తే గంటకే కాలిపోతుంది, స్క్రీన్ మసకబారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఇదిగో ఇది చూడండి, ఇప్పుడు ఎండ నేరుగా స్క్రీన్ మీదే పడుతోంది, అయినా అంకెలు కనిపిస్తున్నాయి కదా. పైగా ఇందులో వేసేది మామూలు పెన్సిల్ సెల్లులు, రెండు. అయిపోతే ఏ పల్లెలోనైనా చిల్లర అంగట్లో దొరుకుతాయి.

సరే, ఏది కొనాలి. ధరలు నేను చెప్పను, వీడియో పెట్టిన నెలకే మారిపోతాయి, ఆ రోజు రేటు మీరే చూసుకోండి. నా దగ్గర రెండున్నాయి. ఈ నలుపు తెలుపు స్క్రీన్‌ది గార్మిన్ ఈట్రెక్స్ 10. ఈ కలర్‌ది ఈట్రెక్స్ 22ఎక్స్. 10లో చెప్పుకోదగ్గ మ్యాప్ ఉండదు, మెమరీ కార్డు పెట్టడానికి చోటు లేదు. పాయింట్ పెట్టుకో, బాణం చూసుకుంటూ పో, వచ్చిన దారి గుర్తుపెట్టుకుని వెనక్కి రా. 22ఎక్స్‌లో 8 జీబీ మెమరీ, పైన కార్డు కూడా పెట్టొచ్చు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ మ్యాప్ ఉచితంగా దించి వేసుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్ళు 2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్ఈ కూడా చూడండి. మ్యాప్ లేదు గానీ, రెండు సెల్లుల మీద 168 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క.

ఇంకొకటి. ఈ నా రెండింట్లోనూ దిక్సూచి లేదు. నడుస్తుంటేనే బాణం సరిగ్గా తిరుగుతుంది, నిలబడితే దిక్కు తెలీదు. మొదటిసారి కొన్నవాళ్ళు ఒకచోట నిలబడి గుండ్రంగా తిరుగుతూ పాడైపోయిందనుకుంటారు. నాలుగడుగులు వేయండి, సర్దుకుంటుంది. ఎస్ఈలో దిక్సూచి ఉంది.

ఒక హెచ్చరిక. ఇన్‌రీచ్ అని ఉంటాయి, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపేవి. విదేశాల నుంచి ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దనండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడితే కేసవుతుంది. వినేది పర్లేదు, పంపేదే గొడవ. అలాగే లంకమల, శేషాచలం వైపు వెళ్తే అటవీ శాఖ అనుమతి తీసుకునే వెళ్ళండి. అది ఎర్రచందనం ఉన్న అడవి. అక్కడ జీపీఎస్ పట్టుకుని దొరికితే, పక్షులు చూడ్డానికి వచ్చాను సార్ అంటే నమ్మేవాళ్ళెవరు?

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే గబగబా చెప్తా. వెనక మూత తీయండి, స్ప్రింగుల దగ్గర తెల్లగా పచ్చగా పేరుకుందా చూడండి. యూఎస్‌బీ మీద రబ్బరు మూత బిగుతుగా ఉందా చూడండి. కేబుల్ అడిగి తీసుకోండి, ఇది పాత మినీ యూఎస్‌బీ, ఇప్పుడు అంగళ్ళలో వెతకాలి. ఆరుబయట ఆన్ చేసి తారీఖు చూడండి. బాగా పాతదైతే దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి చూపించొచ్చు. జీపీఎస్ వారాల లెక్క 1024 కాగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. దారి సరిగ్గానే చూపిస్తుంది, తారీఖే తప్పు. బేరమాడ్డానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఆన్ చేద్దాం. ఇది నొక్కి పట్టుకోండి... వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆన్ చేస్తే ఒక పావుగంట ఆకాశం కింద వదిలేయండి. ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ పట్టిక మొత్తం కిందికి రావడానికే 12న్నర నిమిషాలు పడుతుంది. టీ తాగి రండి. సెటప్, సిస్టమ్, బ్యాటరీ టైప్. ఛార్జింగ్ సెల్లులు వేస్తే ఎన్ఐఎమ్‌హెచ్ అని పెట్టండి. నేను ఛార్జింగ్‌వే వాడతా. ఓకే. వెనక్కి.

ఇక్కడ ఆగండి. ఇక్కడ మాత్రం ఆగండి. సెటప్‌లోనే కిందికి వస్తే పొజిషన్ ఫార్మాట్, అంటే పాయింట్ అంకెలు ఏ రూపంలో రాయాలో పెట్టుకునే చోటు. ఇది చూసుకోకే నేను బోల్తా పడ్డాను.

మా బావ పులివెందుల దగ్గర చీనీ తోట కౌలుకు తీసుకున్నాడు. ఎక్కడో నాకు తెలీదు. వాట్సాప్‌లో పాయింట్ పంపాడు, అక్షాంశం 14.42, రేఖాంశం 78.23, ఆ వెనక ఇంకో మూడేసి అంకెలు. మిషన్‌లో కొట్టాను. చూపిస్తా చూడండి. ఈ స్టిక్ నొక్కి పట్టుకుంటే మార్క్ వేపాయింట్, అంటే పాయింట్ పెట్టుకునే పేజీ వస్తుంది, అందులో లొకేషన్ మీదకి రండి. 1, 4... 4, 2... సున్నా సున్నా సున్నా. కింద 7, 8... 2, 3... సున్నాలు. అంకెలు కొలిచినట్టు సరిపోయాయి కదా? ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. అందుకే నాకు అనుమానం రాలేదు. కానీ ఇక్కడ, ఈ 14 పక్కన ఏముంది? చుక్క కాదు. చిన్న సున్నా, డిగ్రీ గుర్తు. అంటే మిషన్ దీన్ని 14 డిగ్రీల 42 నిమిషాలు అనుకుంటోంది. బావ పంపింది 14 పాయింట్ 42 డిగ్రీలు. డిగ్రీకి నిమిషాలు 60, వంద కాదు. 0.42ని 60తో గుణిస్తే 25.2. సరైనది 14 డిగ్రీల 25.2 నిమిషాలు, 78 డిగ్రీల 13.8 నిమిషాలు.

ఇప్పుడు గో నొక్కితే... చూశారా, దూరం 19 కిలోమీటర్లంటోంది. ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు నేరుగా గీత గీసినా 50 ఉంటుంది. ఆ రోజు నేను సంతోషపడ్డాను, బావ తోట ఇంత దగ్గరా అని. బండేసుకుని బాణం వెంట పోతే ముద్దనూరు దాటాక ఒక శనగ చేనులో తీసుకెళ్ళి నిలబెట్టింది. ఫోన్ చేశా. "యాడున్నావ్ బావా?" "నీ తోటలోనే ఉన్నా." "తోటలో నేనున్నా, నువ్వు లేవే!"

35 కిలోమీటర్ల తేడా. అదే గండికోట పాయింట్ అయ్యుంటే అక్కడే దొరికిపోయేవాణ్ణి, అది 14.81. నిమిషాల్లో 81 అనేదే ఉండదు, 59తో అయిపోతుంది. పులివెందుల అంకెలు రెండూ 60 లోపే ఉండి నన్ను ముంచాయి.

కాబట్టి పొజిషన్ ఫార్మాట్‌లోకి వెళ్ళి, ఇదిగో, డిగ్రీ తర్వాత చుక్క, ఐదు డీలున్న ఈ మొదటిది పెట్టండి. దాని కింద మ్యాప్ డేటమ్, అంటే ఈ అంకెల్ని భూమ్మీద ఏ ఆధారంతో లెక్కకట్టాలో చెప్పేది, డబ్ల్యూజీఎస్ 84 ఉందా చూడండి, ఉంటే ముట్టుకోకండి. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, అంటే కాగితం మ్యాప్, చూసి కొట్టేవాళ్ళు మాత్రం జాగ్రత్త, ఆ మ్యాప్‌ది ఎవరెస్ట్ డేటమ్, వంద మీటర్లకు పైగానే తేడా వస్తుంది.

కచ్చితత్వం ఎంతన్నా అని అడుగుతారు. ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్లు. గండికోటలో పెన్నా లోయలోకి దిగితే ఇంకా తప్పుతుంది, సిగ్నల్ ఆ రాతి గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. అందుకే గట్టు తగాదాలకు దీన్ని తీసుకెళ్ళకండి, సర్వేయర్‌ని పిలవండి.

మళ్ళీ కొడదాం. 14.42000. 78.23000. డన్. గో... 50. సరిపోయింది. పేరు బావ తోట అని పెడుతున్నా. ఈ స్టిక్‌తో ఒక్కో అక్షరం కొట్టడం పెద్ద విసుగు, నేనైతే ఇంటి దగ్గరే కంప్యూటర్‌లో, గార్మిన్ వాళ్ళ బేస్‌క్యాంప్ అనే ప్రోగ్రాంలో పేర్లు పెట్టుకుని ఎక్కిస్తా. అది ఇంకో వీడియోలో. ట్యాంకు పొర్లుతోంది, మోటారు ఆపి రావాలి.