డబ్బా ఎత్తే బండి, నలిగిన కాలు: శనివారం చర్చ

(స్టూడియో రికార్డింగ్ విని రాసింది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరి పని ఏదో అదే పెట్టాను. "యూనియన్" అంటే పారిశుధ్య కార్మికుల యూనియన్ తరఫున వచ్చిన ఆమె.)

మోడరేటర్: నమస్కారం. బెంగళూరు తెలుగువాళ్ల శనివారం చర్చకు స్వాగతం. ఈ వారం మీ అందరి వాట్సాప్‌లో తిరిగిన వీడియో గురించే మాట్లాడుకుందాం. వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో చెత్త డబ్బాలను ఎత్తి వ్యాన్‌లో బోర్లించే బండి కొన్నారు. బ్యాటరీతో నడిచేది. వచ్చిన రెండో వారంలో నిండు డబ్బా జారి హౌస్‌కీపింగ్ అబ్బాయి కాలి మీద పడింది. తప్పు బండిదా, అబ్బాయిదా, కొన్నవాళ్లదా? నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాను. ముందు ఆ సంఘం కమిటీలోనే ఉన్న రిటైర్డ్ ఇంజనీర్ గారు.

ఇంజనీర్: థ్యాంక్యూ. ఒకటి ముందే చెప్పేస్తాను. బండిలో లోపం లేదు. జీవితమంతా మెషిన్ల మధ్య గడిపినవాణ్ని, దగ్గరుండి నేనే చూసి కొనిపించాను. చాలా సింపుల్ వస్తువండీ అది. రెండు నిలువు పట్టాలు, వాటి మీద జారే ఒక ఫ్రేమ్. డబ్బాను తోసుకొచ్చి ఆ ఫ్రేమ్‌కు ఆనిస్తాం. దువ్వెన పళ్ల లాంటివి ఉంటాయి, అవి డబ్బా అంచు కింద పట్టుకుంటాయి. బటన్ నొక్కితే చైన్ పైకి లాగుతుంది. పైదాకా వెళ్లాక డబ్బా దానంతటదే బోర్లా తిరుగుతుంది. మనిషి వంగక్కర్లేదు, చెయ్యి మాయక్కర్లేదు. మా దగ్గర రోజూ...

యూనియన్: సార్, ఒక్క మాట. ఆ అబ్బాయికి ఈఎస్ఐ కార్డు, అదే కార్మికుల బీమా కార్డు, ఉందా?

ఇంజనీర్: వస్తానమ్మా, దానికి వస్తాను. మా దగ్గర రోజూ పద్దెనిమిది డబ్బాలు నిండుతాయి. ముందు ఇద్దరు చెరో పక్కా పట్టుకుని "హై" అని ఎత్తేవాళ్లు. మూడో డబ్బాకే రొప్పేవాళ్లు. అది చూడలేకే కొన్నాం. మానవత్వంతో కొన్న వస్తువు మీద ఇప్పుడు ఈ గోల!

మోడరేటర్: ఇక్కడ నాకొక కోణం కనిపిస్తోంది. ఈ నగరాన్ని ఊడ్చి శుభ్రంగా ఉంచేవాళ్లలో మన తెలుగువాళ్లే ఎక్కువ కదా? పౌరకార్మికులు, డ్రైవర్లు. అంటే ఇది మన తెలుగువాళ్ల సమస్య కూడా.

యూనియన్: ఎక్కువే సార్. మా అమ్మ కదిరి నుంచి వచ్చింది, నేనూ పదమూడేళ్లు ఊడ్చాను. కానీ ఎందుకు ఎక్కువో కూడా అడగండి. ఏ కులం వాళ్లను పిలిపించి ఈ పనిలో పెట్టారో అడగండి. అది వదిలేసి తెలుగువాళ్లు, తెలుగువాళ్లు అంటుంటే ఏదో ఘనకార్యం చెప్పుకుంటున్నట్టుంది.

మోడరేటర్: అది చాలా పెద్ద విషయం, వేరే ఎపిసోడ్ పెడదాం. ఫిజియోథెరపిస్ట్ మేడమ్, బరువు ఎత్తడం గురించి...

ఫిజియో: అమెరికాలో నియోష్ అని పని ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఉంది. ఒక మనిషి ఎత్తదగ్గ బరువు మీద వాళ్ల లెక్క 23 కిలోల దగ్గర మొదలవుతుంది. అదీ అన్నీ సవ్యంగా ఉంటేనే. బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుం మెలి తిప్పకూడదు, పట్టు బాగుండాలి. దూరం పెరిగితే, పదే పదే ఎత్తితే ఆ అంకె ఇంకా కిందికి దిగుతుంది. చెత్త డబ్బాకేమో పట్టు ఉండదు, జిడ్డు. వాసనకు మొహం పక్కకు తిప్పుకుని ఎత్తుతారు, అక్కడే నడుం మెలిపడేది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో...

ఇంజనీర్: అందుకే బండి కొన్నాం అంటున్నాను! మేడమ్ నా మాటే చెప్తున్నారు.

ఫిజియో: నేనింకా పూర్తి చెయ్యలేదు.

ఇంజనీర్: చెప్పండి, చెప్పండి. కానీ ప్రేక్షకులకు ఇది తెలియాలి. డబ్బా ఎత్తడం అనే సమస్య ఈనాటిది కాదు. ప్యారిస్‌లో పూబెల్ అని ఒక అధికారి ఉండేవాడు. 1884లో ఇంటింటికీ మూత ఉన్న డబ్బా ఉండాలని రూల్ అమల్లోకి తెచ్చాడు. అదీ మూడు రకాలుగా వేరుచేసి! కుళ్లేవి ఒకటి, కాగితం గుడ్డ ఒకటి, పింగాణీ, చిప్పలు ఒకటి. మనకు హైకోర్టు 2015లో రెండు డబ్బాలు, ఒక సంచి అని చెప్పాల్సి వచ్చింది. వాళ్లు నూట ముప్పై ఏళ్ల ముందే చేశారు. ఇప్పటికీ ఫ్రెంచ్‌లో చెత్త డబ్బాను పూబెల్ అనే అంటారు, ఆయన పేరే.

మోడరేటర్: అరె, ఇది నాకు తెలియదు. ఆ పేరు స్క్రీన్ మీద వెయ్యండి.

యూనియన్: అక్కడ చెత్త ఏరుకుని బతికేవాళ్లు ఏమయ్యారు సార్?

ఇంజనీర్: గొడవ చేశారు. మార్పు వచ్చినప్పుడు ఎవరో ఒకరు గొడవ చేస్తారు కదమ్మా.

(ఇక్కడి నుంచి దాదాపు నాలుగు నిమిషాలు ప్యారిస్, తర్వాత సింగపూర్, తర్వాత ఇంజనీర్ గారి అబ్బాయి ఉండే ఊళ్లో చెత్త వ్యాన్ ఏ వారం వస్తుంది. కత్తిరించాను.)

మోడరేటర్: పీణ్యాలో ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ నడిపే అన్న ఇంతవరకూ నోరు విప్పలేదు. ఇలాంటి బండ్లు మీరూ చేస్తారు కదా? ఆ బండి మీదేనా?

వర్క్‌షాప్: దేవుడి దయ, మాది కాదండీ. (నవ్వులు) కానీ వీడియో నలభై సార్లు చూశాను. అందులో ఉన్నది 240 లీటర్ల డబ్బా. వెనక రెండు చక్రాలుంటాయి, ఊళ్లో ఎక్కడైనా కనిపించే రకం. యూరోపు వాళ్ల స్టాండర్డ్ ప్రకారం లీటరుకు 400 గ్రాముల లెక్కన దాంట్లో 96 కిలోల సరుకు పట్టాలి. బండ్లు కూడా ఆ లెక్క చూసుకునే చేస్తారు. కానీ మన తడి చెత్త ఆ లెక్కలో ఇమడదు. సాంబారు, అన్నం, పుచ్చకాయ తొక్కలు, కొబ్బరి బోండాలు. లీటరుకు అర కిలో తూగుతుంది. అంటే నూట ఇరవై కిలోలు. పైగా అడుగున నీళ్లు. డబ్బా వాలినప్పుడు ఆ నీళ్లు ఒక్కసారిగా ఒక పక్కకు వచ్చేస్తాయి, బండి ఒక కుదుపు కుదుపుతుంది. ఘన సరుకుతో టెస్ట్ చేస్తే ఆ కుదుపు తెలియదు.

ఇంజనీర్: అంటే ఓవర్‌లోడ్. నింపిందెవరు? ఆపరేటర్!

వర్క్‌షాప్: నింపింది మీ ఇళ్లవాళ్లు సార్. (నవ్వులు) ఇంకోటి, బండి అడుగు వెడల్పు. వెడల్పు ఎక్కువుంటే బరువు పైకెళ్లినా ఒరగదు. కానీ కొనేవాళ్లందరూ మా లిఫ్ట్ తలుపులో పట్టాలి, బేస్‌మెంట్ స్తంభాల మధ్య తిరగాలి, సన్నగా చెయ్యండి అంటారు. సన్నగా చేసి ఇస్తాం. రాసి కూడా ఇస్తాం, సమమైన నేల మీదే వాడాలని. వాళ్లు ర్యాంప్ మీద పెడతారు.

ఇంజనీర్: మా ర్యాంప్ వాలు చాలా తక్కువ. నేనే కొలిచాను. పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు. ఆ వాలుకు ఆ బండి...

మోడరేటర్: మళ్లీ నా పాయింట్‌కు వస్తాను. కాలు నలిగిన ఆ అబ్బాయి, మన తెలుగు బిడ్డ...

యూనియన్: తెలుగువాడు కాదు సార్. ఒడిశా అబ్బాయి.

మోడరేటర్: ఓ. సరే. అయినా... తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రంగమే కదా.

యూనియన్: రంగం కూడా వేరు. పౌరకార్మికులంటే కార్పొరేషన్ తరఫున ఊరు ఊడ్చేవాళ్లు. 2025 మే డే రోజు 12,692 మందికి పర్మనెంట్ ఆర్డర్లు ఇచ్చారు. ఎంత కొట్లాడితే వచ్చిందో మాకు తెలుసు. ఈ అబ్బాయి అపార్ట్‌మెంట్ లోపల పనిచేసే ఏజెన్సీ మనిషి. వాడికి కార్పొరేషన్ లేదు, కమిషనర్ లేడు. రేపు పొద్దున రావద్దంటే అయిపోయింది. అందుకే మొదట్నుంచీ అడుగుతున్నా. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21,000 లోపు జీతానికి ఈఎస్ఐ ఉండాలి. ఆ అబ్బాయికి కార్డు ఉందా?

ఇంజనీర్: మేము ఏజెన్సీకి మొత్తం బిల్లు కడతాం. కట్టాల్సినవన్నీ అందులోనే ఉంటాయి. అది ఏజెన్సీ చూసుకోవాలి. నేను టెక్నికల్ పాయింట్ మాట్లాడుతున్నాను, మీరు ఎమోషనల్‌గా వెళ్తున్నారు.

యూనియన్: కార్డు ఎమోషనలా సార్?

(ఇద్దరూ ఒకేసారి. కొంతసేపు ఏమీ వినబడలేదు.)

వర్క్‌షాప్: ...ఆపి చూడండి. బండికి రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కి పట్టుకుంటేనే పైకెళ్తుంది. ఏ చెయ్యి తీసినా ఆగిపోతుంది. చేతులు బటన్ల మీద ఉంటే నలిగే చోటికి వెళ్లవు కదా, అందుకని అలా పెడతారు. వీడియోలో ఎడమ బటన్‌కు రబ్బర్ బ్యాండ్ చుట్టి ఉంది. ఎర్రది. కొత్తిమీర కట్టకు వేసేది.

ఇంజనీర్: అదిగో! అదిగో! చూశారా? నేనేమంటున్నాను మొదట్నుంచీ? ఆపరేటర్ తప్పు. సేఫ్టీ పెట్టి ఇస్తే దానికి రబ్బర్ బ్యాండ్ చుడితే ఏ దేశంలో బండి అయినా ఏం చేస్తుంది?

మోడరేటర్: ఇది చాలా సీరియస్ పాయింట్. అంటే నిర్లక్ష్యం.

యూనియన్: ఎందుకు చుట్టాడో అడగరా? మూత సార్. డబ్బా పైకెళ్తుంటే మూత వెనక్కి ఊగి వ్యాన్ అంచుకు తట్టుకుంటుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకోవాలి. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే మూడో చెయ్యి ఎక్కడిది? ముందు ఇద్దరు ఉండేవాళ్లు. ఆ ఇద్దరూ ఉంటే ఒకడు బటన్లు, ఒకడు మూత చూసుకునేవాళ్లు. బండి వచ్చిన రోజే ఒకడిని తీసేశారు.

ఇంజనీర్: తీసెయ్యలేదు! గార్డెన్‌కు మార్చాం.

యూనియన్: గార్డెన్‌లో ఉన్నవాణ్ని ఏం చేశారు?

ఇంజనీర్: అది... అమ్మా, అడ్మిన్ విషయాలు ఇక్కడెందుకు? ప్రేక్షకులకు తెలియాల్సింది ఏంటంటే, రబ్బర్ బ్యాండ్. దానితో కేసు క్లోజ్.

వర్క్‌షాప్: మూతకు ఒక కొక్కెం పెడితే సరిపోతుంది సార్. చిన్న పని. మేము పెట్టి ఇస్తాం.

ఇంజనీర్: మంచిది, పెట్టండి. కానీ కొక్కెం లేకపోవడం తప్పు కాదు, బ్యాండ్ చుట్టడం తప్పు. మళ్లీ చెప్తున్నాను, బండిలో లోపం లేదు.

ఫిజియో: నన్ను ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి. బండి రావడం మంచిదే. కానీ నా అనుభవంలో బండి వచ్చాక నడుం నొప్పి పోయి భుజం నొప్పి మొదలవుతుంది. ఎత్తేది తగ్గింది కానీ తోసేది పెరిగింది. నిండు డబ్బాతో సహా బండిని గేటు దాకా తోస్తారు. చిన్న చక్రాలు టైల్స్ సందులో ఇరుక్కుంటాయి. అక్కడ ఒక్కసారి బలంగా...

ఇంజనీర్: చక్రాలు మేము పెద్దవి వేయించాం.

ఫిజియో: మీ అపార్ట్‌మెంట్ గురించి కాదండీ.

ఇంజనీర్: జనరల్‌గా చెప్పినా అందరూ మాదే అనుకుంటారు కదా.

మోడరేటర్: టైమ్ దగ్గర పడింది. ఇది ఊరంతటి ప్రశ్న కూడా. ఊరి చెత్త పోసే మండూరుకు 2014 చివర్లో లారీలు ఆగాయి. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే చోట దాని బాధ్యత అక్కడివాళ్లదే అని 2016 చెత్త రూల్స్ అన్నాయి. ఇప్పుడు బీబీఎంపీ, అంటే ఊరంతటికీ ఉన్న ఒకే కార్పొరేషన్, పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మన తెలుగువాళ్లు ఈ ఊళ్లో ఇన్ని లక్షలమంది ఉన్నాం. మన అసోసియేషన్ల తరఫున ఒక విజ్ఞప్తి...

యూనియన్: ఎవరికి సార్ విజ్ఞప్తి? ఏమని?

మోడరేటర్: అదే, సేఫ్టీ గురించి. ఇంజనీర్ గారు, మీరు ముగిస్తారా? ముప్పై సెకన్లు.

ఇంజనీర్: (రెండు నిమిషాల పది సెకన్లు మాట్లాడారు. ర్యాంప్ వాలు, చక్రాల సైజు, రబ్బర్ బ్యాండ్, ప్యారిస్.) ...కాబట్టి ట్రైనింగ్ ఇస్తాం, బోర్డు పెడతాం. బండి మాత్రం ఉంటుంది.

మోడరేటర్: చాలా బాగా చెప్పారు. నలుగురికీ సమానంగా టైమ్ ఇచ్చామనే అనుకుంటున్నాను. లైవ్ పోల్‌లో ఎక్కువమంది "ఆపరేటర్ నిర్లక్ష్యం" అన్నారు, అదీ గమనించాలి.

యూనియన్: సార్, ఆ కార్డు...

మోడరేటర్: తప్పకుండా మేడమ్, ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం. వచ్చే శనివారం ఉగాది పచ్చడిలో అరటిపండు వెయ్యాలా వద్దా. నమస్కారం.

ఇంజనీర్: ఒక్క మాట. స్క్రీన్ మీద పూబెల్ స్పెల్లింగ్ తప్పు పడింది. యూట్యూబ్‌లో పెట్టేముందు సరిచేయించండి.