వేప మందు తాగిన తేనెటీగ

[తెరపై: రోట్లో దంచుతున్న వేపగింజలు. పక్క చేలో పొద్దుతిరుగుడు పువ్వు మీద తేనెటీగ.]

"వేప మందే కదా, ఏం కాదులే!" ఈ మాట వినబడని ఊరు ఉండదు. ఆ "ఏం కాదు"ను ల్యాబ్‌లో ఎలా తేలుస్తారో చూద్దాం. మొక్క నుంచి వచ్చిందని వదిలేయడానికి లేదు. డెర్రిస్ వేళ్లలో ఉండే రోటినోన్ కూడా మొక్క మందే. ఆగ్నేయాసియాలో ఆ వేళ్లు దంచి నీళ్లలో కలిపి చేపలు పట్టేవాళ్లు.

[తెరపై: చిన్న బోనులో పది తేనెటీగలు, పంచదార నీళ్ల గొట్టం.]

పెద్ద ఈగలను పదేసి చొప్పున బోనుల్లో పెడతారు. పంచదార నీళ్లలో రకరకాల డోసుల్లో మందు కలిపి తాగిస్తారు. ఇంకో పరీక్షలో వీపు మీద ఒక చిన్న చుక్క వేస్తారు. 48 గంటలు చావులు లెక్కపెడతారు. సగం ఈగలు చచ్చే డోసే ఎల్‌డి50. ఒక గుంపుకు ఉత్త పంచదార నీళ్లే ఇస్తారు. వాటిలోనే 10 శాతానికి మించి చచ్చిపోతే ఆ పరీక్ష చెల్లదు. మరో గుంపుకు డైమిథోయేట్ అనే పురుగుమందు ఇస్తారు, మన రైతులకు పాత పరిచయమే. అదీ చంపలేదంటే లోపం పరీక్షలోనే ఉందన్నమాట.

[తెరపై: తేనెపట్టు గదుల్లో తెల్లటి పిల్ల పురుగులు.]

వేపతో చిక్కంతా ఇక్కడే. అందులోని అజాడిరాక్టిన్ తాగగానే చంపే రకం కాదు. పురుగుకు తిండి మీద మనసు పోగొడుతుంది, కుబుసం విడవడానికి కావాల్సిన హార్మోన్‌ను దెబ్బతీస్తుంది. రెక్కలొచ్చిన ఈగ ఇక కుబుసం విడవదు కదా! కాబట్టి 48 గంటల పరీక్షలో వేప మందు సులువుగా పాసైపోవచ్చు. గూట్లో పిల్లల సంగతేంటి? వాటి కడుపు నిండేది పెద్దలు పొలం నుంచి మోసుకొచ్చిన మకరందం, పుప్పొడి నుంచి వచ్చే తిండితోనే. అందుకే ఈ పిల్ల పురుగులను, అంటే లార్వాలను, ల్యాబ్‌లో చిన్న గిన్నెల్లో పెంచి, మందు కలిపిన తిండి పెట్టి, 22వ రోజుకు ఎన్ని రెక్కలతో బయటపడ్డాయో చూస్తారు. నన్నడిగితే వేపకు అసలు పరీక్ష ఇదే.

వేప తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఎండకు అజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోతుంది. గిన్నెలో లార్వాకు అందినంత మందు పొలంలో అందకపోవచ్చు. అందుకే ల్యాబ్‌లో తేడా కనబడితే వల గుడారాల్లో, ఆ తర్వాత పొలంలో తేనెపెట్టెలు పెట్టి మళ్లీ చూస్తారు.

[తెరపై: వానపాము, చేపల తొట్టి.]

వానపాములను మందు కలిపిన మట్టిలో 14 రోజులు ఉంచుతారు. చేపలకు 96 గంటలు. చామంతి జాతి పూల నుంచి తీసే పైరిత్రం చేపలకు గట్టి విషం. చెరువు పక్కన చేను ఉన్నవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి.

[తెరపై: ఒక చేతిలో వేప మందు సీసా, మరో చేతిలో కషాయం బకెట్.]

ఈ సీసా మీద 1500 పీపీఎం అని ఉంది, అంటే పది లక్షల పాళ్లలో 1500 పాళ్లు అజాడిరాక్టిన్. పరీక్షలు జరిగేది ఇలా కొలత తెలిసిన మందుకే. బకెట్‌లోది 5 కిలోల వేపగింజల పప్పుకు 100 లీటర్ల నీళ్ల లెక్కన చేసిన కషాయం. గింజలు ఎప్పుడు ఏరారో, ఎక్కడ ఆరబెట్టారో, ఎన్నాళ్లు దాచారో బట్టి అజాడిరాక్టిన్ మారిపోతుంది. పైగా కొందరు పొగాకు కూడా వేస్తారు. నికోటిన్ చేరాక అది వేప మందు కానే కాదు, సీసా మీది లెక్క దానికి వర్తించదు.