అటకెక్కిన ఆటపెట్టె

శ్రోతలకు నమస్కారం.

చాలా ఇళ్లలో అటక మీదో, బీరువా పైనో ఒక అట్టపెట్టె ఉంటుంది. మూత మీద ఒక టీవీ షో పేరు, ఆ షో నడిపిన పెద్ద నటుడి ఫొటో. లోపల ప్రశ్నల కార్డుల కట్టలు, కాగితం నోట్లు, మడతపెట్టిన బోర్డు. పిల్లల పుట్టినరోజుకు ఏ మేనమామో ముచ్చటపడి కొనిచ్చి ఉంటాడు. ఒకసారి ఆడారు. మహా అయితే ఇంకోసారి ఆడారు. తర్వాత పెట్టె పైకి వెళ్లిపోయింది. అదే ఇంట్లో ఆ షోని మాత్రం రాత్రి తొమ్మిదింటికల్లా కంచాలు పట్టుకుని టీవీ ముందు కూర్చుని మరీ చూశారు. అంత ఇష్టంగా చూసినదాన్ని, ఆటగా చేసి ఇంటికి తెస్తే ఎందుకు ఆడలేదు? ఈ పూట మనం మాట్లాడుకునేది దీని గురించే.

ఉదాహరణకు ఒకే ఒక షో తీసుకుంటాను. 1998 సెప్టెంబరులో బ్రిటన్‌లో క్రిస్ టారంట్ నిర్వహణలో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్'. అది 2000 జులై 3న అమితాబ్ బచ్చన్‌తో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా మన దేశానికి వచ్చింది. 2014లో నాగార్జునతో 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా తెలుగులోకి వచ్చింది. తర్వాత చిరంజీవి, జూనియర్ ఎన్టీఆర్ కూడా ఆ కుర్చీలో కూర్చున్నారు. బ్రిటన్‌లో, అమెరికాలో, మన దగ్గర కూడా ఆ పేరుతో పెట్టె ఆటలు దుకాణాల్లోకి వచ్చాయి.

ఆ షోలో జరిగిన సంఘటనల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటుంది. అమెరికాలో జరిగింది. కొంచెం తీరిగ్గా చెప్తాను, వినండి.

1999 నవంబరు. షో నడుపుతున్నది రీజిస్ ఫిల్బిన్. ఎదురుగా కూర్చున్న వ్యక్తి జాన్ కార్పెంటర్, ఆదాయపు పన్ను శాఖలో ఉద్యోగి. ఒక్కో ప్రశ్నా దాటుకుంటూ వచ్చాడు. పద్నాలుగు ప్రశ్నలు అయిపోయాయి. అప్పటిదాకా ఒక్క లైఫ్‌లైన్ కూడా వాడలేదు. ప్రేక్షకుల్ని అడగలేదు, ఫిఫ్టీ ఫిఫ్టీ అనలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇక చివరి ప్రశ్న. పది లక్షల డాలర్ల ప్రశ్న. 'లాఫ్-ఇన్' అనే హాస్య కార్యక్రమంలో కనిపించిన అమెరికా అధ్యక్షుడు ఎవరు? జాన్సన్, నిక్సన్, కార్టర్, ఫోర్డ్ – ఈ నలుగురిలో ఎవరు?

కార్పెంటర్ కాసేపు చూశాడు. తర్వాత, మా నాన్నకు ఫోన్ చేస్తాను అన్నాడు.

స్టూడియోలో అందరూ ఏమనుకుని ఉంటారు? ఇన్ని ప్రశ్నలు అవలీలగా చెప్పినవాడు ఇక్కడికొచ్చి చిక్కుకున్నాడు, పాపం, అనుకుని ఉంటారు. ఫోన్ కలిసింది. అటువైపు తండ్రి. మాట్లాడటానికి ముప్పై సెకన్లే. అప్పుడు కొడుకు ఏమన్నాడు? నాన్నా, నాకు నీ సాయం అవసరం లేదు, నేను ఈ పది లక్షల డాలర్లు గెలవబోతున్నానని నీకు చెబుదామనే ఫోన్ చేశాను, అన్నాడు. చెప్పి, జవాబు నిక్సన్ అన్నాడు. గెలిచాడు. ఆ షోలో ప్రపంచం మొత్తం మీద అంత పై బహుమతి అందుకున్న మొట్టమొదటి మనిషి అతనే.

నాకు ఈ సంఘటన ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. కొడుకు స్టూడియోలో ఉన్నాడు, తండ్రి ఎక్కడో ఇంట్లో ఫోన్ పక్కన కూర్చున్నాడు. మధ్యలో అంత దూరం ఉంది. ముప్పై సెకన్ల గడువు ఉంది. జీవితం మారిపోయేంత డబ్బు ఉంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఆ ఫోనుకు అంత బలం వచ్చింది.

ఇప్పుడు అదే ఆటను మన ముందు గదిలో, చాప మీద పరుచుకుందాం. ఫోన్ ఎ ఫ్రెండ్ అన్నాం. ఎవరికి చేస్తాం? నాన్న ఎదురుగానే ఉన్నాడు. కార్డు పట్టుకుని ప్రశ్న అడుగుతున్నదే ఆయన. ప్రేక్షకుల ఓటు అన్నాం. ప్రేక్షకులంటే అమ్మ, చెల్లి. ఫిఫ్టీ ఫిఫ్టీ అన్నాం. నాన్న కార్డులోకి తొంగిచూసి రెండు తప్పులు తీసేయాలి. కోటి రూపాయలు గెలిచాం. ఆ కాగితం నోటు లెక్కపెట్టి మళ్లీ పెట్టెలో పెట్టేస్తాం. తప్పు చెబితే పోయేదేమీ లేదు, కరెక్టుగా చెబితే వచ్చేదేమీ లేదు.

ఇక ధ్వని. రేడియోలో మాట్లాడేవాళ్లకు దాని మీద కాస్త మక్కువ ఎక్కువ, మన్నించండి. ఆ షో సంగీతం కీత్ స్ట్రాకన్, మాథ్యూ స్ట్రాకన్ అనే తండ్రీకొడుకులు చేశారు. ప్రశ్న పెద్దదయ్యేకొద్దీ సంగీతం స్థాయి మెల్లమెల్లగా పైకి జరుగుతుంటుంది. మనం దాన్ని పట్టించుకోం. మన గుండె మాత్రం పట్టించుకుంటుంది. దీపాలు తగ్గుతాయి. బచ్చన్ గారు జవాబు లాక్ చేయించి, వెంటనే ఫలితం చెప్పకుండా ఆగుతారు. ఆ ఆగడం ఉందే, షో బలం సగం అందులోనే ఉంది. అట్టపెట్టెలో ప్రశ్నలు పెట్టగలిగారు, నోట్లు పెట్టగలిగారు. ఆ ఆగడాన్ని పెట్టడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

అయితే ఇది కూడా అసలు కారణం కాదని నా అభిప్రాయం. అసలు కారణం ఇంకొకటి. షో చూస్తున్నప్పుడే మనం ఆ ఆట ఆడేస్తున్నాం.

గుర్తుచేసుకోండి. తెర మీద ప్రశ్న రాగానే ఇంట్లో ఏం జరుగుతుంది? పిల్లాడు ఎ అని అరుస్తాడు. అక్క బి అంటుంది. నాయనమ్మ, పురాణాల ప్రశ్న అయితే, ఆప్షన్లు రాకముందే జవాబు చెప్పేసి కూర్చుంటుంది. తాతయ్య, నేను ముందే అనుకున్నాను, అంటాడు. నలుగురూ ఒకేసారి ఆడుతున్నారు. ఒకళ్ల వంతు కోసం ఇంకొకళ్లు ఆగడం లేదు. ప్రశ్న చదివే పని ఎవరికీ లేదు. తప్పు చెబితే నవ్వుతారు, కరెక్టయితే వారం రోజులు చెప్పుకుంటారు. ఇంటివాళ్లు ఆడుకునే ఆట అది. నిండుగా, హాయిగా ఉన్న ఆట.

పెట్టె వచ్చి ఏం చేసింది? ఆ ఆటను చెడగొట్టింది. నలుగురిలో ఒకళ్లను లేపి బచ్చన్ గారి కుర్చీలో కూర్చోబెట్టింది. వాళ్లకు జవాబులన్నీ కనిపిస్తాయి కాబట్టి ఇక వాళ్లు ఆడలేరు. ఇంకొకళ్లను హాట్‌సీట్‌లో కూర్చోబెట్టింది. మిగిలిన ఇద్దరూ గోళ్లు గిల్లుకుంటూ, పదిహేను ప్రశ్నలు ఎప్పుడవుతాయా అని చూడాలి. మనకు ఇష్టమైన చోటు టీవీ ముందున్న చాప. అక్కడి నుంచి అందరం కలిసి అరవడం. ఆ చోటును పెట్టె మనకు ఇవ్వలేదు.

కార్డుల సంగతి కూడా ఒక్కమాట. కార్డు మీద అచ్చయిన ప్రశ్న ఒకసారి అడిగితే అయిపోయినట్టే. జవాబు అందరూ వినేశారు. పైగా లోకం ఆగదు. కరోడ్‌పతి మొదలైన రోజున మన దేశంలో ఎన్ని రాష్ట్రాలు? 25. అదే ఏడాది నవంబరులో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ వచ్చి 28 అయ్యాయి. 2014లో తెలంగాణతో 29. 2019లో జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమై మళ్లీ 28. జులైలో అచ్చువేసిన కార్డు దీపావళి వెళ్లేసరికి తప్పు. టీవీకి ఈ ఇబ్బంది లేదు, రేపటి ప్రశ్న రేపు రాసుకుంటారు.

మరి తయారుచేసేవాళ్లకు ఇవన్నీ తెలియవా? తెలుసు. కానీ ఈ పెట్టెను కొనేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు. మేనమామ దుకాణంలో పెట్టె తెరిచి నియమాలు చదవడు. మూత మీది బొమ్మ చూస్తాడు. మా మేనకోడలికి ఈ షో ప్రాణం కదా, అనుకుంటాడు. ఆ ప్రేమలో తప్పేమీ లేదు. షో వేడి మీద ఉన్నప్పుడే పెట్టె అమ్ముడుపోవాలి కాబట్టి, ఆటను పదిమంది చేత ఆడించి, సరిచూసి, మళ్లీ దిద్దేంత వ్యవధి తీసుకోవడం కష్టం.

కథలు చెప్పే సీరియళ్ల మీద వచ్చిన ఆటలదీ ఇదే దారి. 1980లో అమెరికాలో 'డాలస్' సీరియల్‌లో జె.ఆర్. అనే పాత్రను ఎవరో కాల్చారు. మార్చిలో కాలిస్తే, కాల్చింది ఎవరో నవంబరులో చెప్పారు. ఎనిమిది నెలలు జనం అదే ముచ్చట. ఆ ఏడాదే ఎస్పీఐ అనే కంపెనీ డాలస్ పేరుతో ఆట తెచ్చింది. అది నడవలేదు. జనం ఆనందించింది ఆ జె.ఆర్. కుటుంబంలో ఏం జరుగుతుందో అని ఎదురుచూడటాన్ని. మీరే జె.ఆర్. అయి ఎత్తులు వేయండి అంటే, ఆ ఎదురుచూపు ఎక్కడుంది?

అన్నీ ఇలా పోయాయని నేను అనను. 1961లో అమెరికాలో 'పాస్‌వర్డ్' అనే షో మొదలైంది. జంటలుగా ఆడతారు. జంటలో ఒకరికి ఒక మాట చూపిస్తారు. ఆ మాట పలకకుండా, ఒకే ఒక్క పదం ఆధారంగా ఇచ్చి, రెండోవాళ్ల చేత దాన్ని చెప్పించాలి. అంతే ఆట. మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ దాన్ని పెట్టెలో పెడితే, కూర్పు మీద కూర్పుగా ఏళ్ల తరబడి వచ్చింది. ఎందుకు నడిచింది? ఆ ఆటకు స్టూడియోతో పనిలేదు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎంత ఎరుగుదురో దాని మీద నడుస్తుంది. 'గోంగూర' చెప్పించాలంటే మా అమ్మకు 'ముద్ద' అంటే చాలు, ఆవిడ చెప్పేస్తుంది. పక్కింటివాళ్లకు అంటే చెప్పలేరు. అందుకే అది స్టూడియోలో కంటే ఇంట్లోనే ఇంకా బాగుంటుంది. మన అంత్యాక్షరి సంగతీ అంతే. 1993లో జీ టీవీలో షోగా వచ్చింది, దేశమంతా చూసింది. కానీ అది అంతకుముందే పెళ్లి బస్సుల్లో ఉంది, కరెంటు పోయిన మేడల మీద ఉంది. టీవీ దాన్ని ఇంటి నుంచి తీసుకుంది.

సరే, మన అటక మీది పెట్టె దగ్గరికి వద్దాం. దాన్ని ఎవరికైనా ఇచ్చేయకముందు ఒక్కసారి దించండి. బోర్డు పక్కన పెట్టండి, నోట్లు పక్కన పెట్టండి, ప్రశ్నల కార్డులు మాత్రం ఉంచుకోండి. అందరికీ తలా ఒక కాగితం, పెన్ను. ఒక్కో ప్రశ్నను ఒక్కొక్కరు చదవాలి. ఒకళ్లే చదువుతూ కూర్చోకూడదు, ఇది ముఖ్యం. చదివేవాళ్లు ముందు ప్రశ్న చెప్పకుండా విషయం మాత్రం చెప్పాలి. ఇది క్రికెట్, ఇది పురాణం, ఇది భూగోళం, అని. అప్పుడు మిగిలినవాళ్లు, ఈ ప్రశ్నకు జవాబు మనలో ఎవరికి తెలుస్తుందో ఆ మనిషి పేరు కాగితం మీద రాయాలి. తమ పేరు తామే రాసుకోవచ్చు. తర్వాత ప్రశ్న, నాలుగు ఆప్షన్లు చదవాలి. చదివినవాళ్లు తప్ప అందరూ ఒకేసారి జవాబు రాయాలి. అందరూ, ఒకేసారి. కాగితాలు తిప్పి చూపించాలి. మీ జవాబు సరైతే మీకు ఒక మార్కు. మీరు పేరు రాసిన మనిషి జవాబు సరైతే ఇంకో మార్కు.

ఇలా ఆడితే ఎవరూ ఖాళీగా కూర్చోరు. కార్పెంటర్ తండ్రికి చేసిన ఫోన్ లాంటిది మన ఇంట్లోకి కొంత వస్తుంది. పదో తరగతి పిల్ల భూగోళం ప్రశ్నకు తన కాగితం మీద 'తాతయ్య' అని రాసిందని తెలిస్తే, ఆయన ముఖం చూడండి. జవాబు తప్పయినా సరే.

పాతబడిన కార్డులు వస్తే పారేయొద్దు. అప్పటి జవాబు ఏమిటి, ఇప్పటి జవాబు ఏమిటి, రెండూ రాయమనండి. రెండు మార్కులు ఇవ్వండి. ఒక పూటకు పదిహేను ప్రశ్నలు దాటనివ్వకండి. ఇంకా ఆడాలని పిల్లలు గొడవ చేస్తే, రేపటికి తలా ఐదు ప్రశ్నలు సొంతంగా రాసుకుని రమ్మనండి.

నమస్కారం.